ముందు పోయిందెవరు

పోయెనిత్స,
9 ఫిబ్రవరి 1969

చెల్లీ సఫ్తా,

టెలిగ్రాం అందే ఉంటుంది. టెలిగ్రాంలో ఏడవడానికి చోటుండదు, అందుకని ఇప్పుడు ఏడుస్తూ రాస్తున్నాను. మన గవ్రిల్, నా తమ్ముడు పోయాడే. పెలాగియా కూడా పోయింది. ఒకే రాత్రి, ఒకే మంచం మీద. పొయ్యిలో నిప్పులు ఆరకముందే పొగగొట్టం మూత వేసేశారు, నిప్పుల విషపు గాలి గదిలోనే నిలిచిపోయింది. మరదలి సంగతి నీకు తెలుసుగా, ఇంట్లో వేడి పిసరంత బయటికి పోతే ప్రాణం పోయినట్టు గిలగిల్లాడేది. "నిప్పు ఎర్రగా ఉండగా మూత వెయ్యకే తల్లీ" అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! "నీ గదిలో నీ ఇష్టం వదినా, నా గదిలో నా ఇష్టం" అనేది. పొయ్యి తప్ప ఇంకో విషయంలో ఎప్పుడూ నాకు ఎదురు చెప్పలేదు పాపం.

పొద్దున ఆవు అరుస్తున్నా ఎవరూ లేవడం లేదేమిటా అని వెళ్ళాను. ఆ తర్వాత జరిగింది ఇప్పుడు రాయలేను. ఊరంతా వచ్చింది. మంచు గడ్డకట్టి నేల తవ్వడానికి మగవాళ్ళు నానా తిప్పలూ పడ్డారు. ఇద్దరినీ పక్కపక్కనే పెట్టాం.

నీకు ఊరట కలిగే మాట ఒకటి చెప్తాను. గవ్రిల్ చీకట్లో పోలేదు. చేతిలో కొవ్వొత్తి ఉంది, సగం కాలి ఉంది. అందరూ చూశారు. చేతిలో దీపం లేకుండా పోయినవాడికి అక్కడ దారి కనపడదనీ, కలకాలం తడుముకుంటూనే ఉంటాడనీ అమ్మ చెప్తుంటే మనిద్దరం దుప్పట్లో ఒకళ్ళనొకళ్ళం గిల్లుకుని ఏడ్చేవాళ్ళం గుర్తుందా? వాడికి ఆ గతి పట్టలేదు. పెలాగియా తను పోతూ కూడా లేచి మొగుడికి దీపం పట్టిందని ఊళ్ళో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఫాదర్‌గారు సమాధి దగ్గర అదే చెప్పారు. పోలీసాయన వచ్చి "ఏమైనా ముట్టుకున్నావా?" అని అడిగితే లేదన్నాను.

తల పగిలిపోతోంది ఆ రోజు నుంచి. దుఃఖం అనుకున్నాను. డాక్టరేమో ఆ గదిలో మిగిలిన గాలి పీల్చి ఉంటావు అన్నాడు. రెండూ అయ్యుంటాయి.

నీ అక్క,
పరస్కీవ

కాన్‌స్తాంత్సా,
20 ఫిబ్రవరి

అక్కా,

రాలేకపోయాను. మా అత్తగారి సంగతి నీకు కొత్తగా ఏం చెప్పను? కాళ్ళు చేతులు పడిపోయాయి గానీ నోరు మాత్రం భద్రంగా ఉంది. ఒక్క పూట వదిలి వెళ్తే మా ఆయన మారిన్ వాళ్ళమ్మకి నీళ్ళయినా తాగించలేడు, రేవులో క్రేను నడపగలడు గానీ చెంచా పట్టుకోలేడు. మా అన్నయ్యని మట్టిలో పెట్టినప్పుడు నేనిక్కడ దుప్పట్లు ఉతుకుతున్నాను. ఈ బాధ నాకు పోదు.

కొవ్వొత్తి మాట చదివి గట్టిగా ఏడ్చి, ఆ తర్వాత మొదటిసారి నిద్రపోయాను. వదినని నేను ఎన్ని మాటలన్నాను! పిసినారిదన్నాను, చీపురుపుల్లన్నాను. ఆవిడ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి. ఊరుకోలేక ఆవిడ అక్కకీ, ఆ అక్క కొడుకు తనాసెకీ ఉత్తరం రాశాను. "మీ పెలాగియా చివరి ఊపిరితో మా అన్నయ్యకి వెలుగిచ్చింది, మా వంశం మీకు రుణపడి ఉంటుంది" అని. మంచి పని చేశాను కదూ?

నలభయ్యో రోజుకి గోధుమలు ఉడికించి పెట్టడం మర్చిపోకు. అందులో కలపడానికి అక్రోట్లు పార్సిలు పంపుతున్నాను.

సఫ్తా

పోయెనిత్స,
12 మార్చి

సఫ్తా,

అక్రోట్లు వచ్చాయి. సగం పుచ్చువి. కొట్లో నిన్ను చూడగానే సముద్రపు ఊరివాళ్ళకి ఏం తెలుస్తుందిలే అనుకునుంటాడు.

నీ ఉత్తరం కూడా వచ్చింది, నాక్కాదు, తనాసె వాళ్ళకి. వాళ్ళమ్మ దాన్ని చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చదివి వినిపించింది. మొన్న తనాసె వచ్చాడు. మంచివాడే, ఆ మాట ముందే చెప్తున్నాను, వస్తూ వస్తూ వెన్న తెచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "అత్తా, ఈ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు" అన్నాడు. రాకపోతే ఊరుకోవచ్చు కదా. అనేశాడు.

గవ్రిలూ పెలాగియా పిల్లలు లేరని ఎప్పుడో విల్లు రాసుకున్నారుగా, నా తర్వాత నాదంతా నీకూ, నీ తర్వాత నీదంతా నాకూ అని. "బాబాయి ముందు పోయాడు, పిన్ని దీపం పట్టింది కాబట్టి పిన్ని తర్వాత పోయింది. బాబాయి పోయిన క్షణానే ఇల్లు పిన్నిదైపోయింది. పిన్ని తర్వాత అక్క కాబట్టి మా అమ్మది" అన్నాడు. పట్నంలో నోటరీని అడిగొచ్చాడట. అంటే గవ్రిల్ అడవి నుంచి దుంగ దుంగా దింపి కట్టిన ఇంటికి మా మరదలు కొవ్వొత్తి సగం కాలినంతసేపు యజమానురాలైంది. ఆ కాస్తసేపటికే ఇల్లు చేతులు మారిపోయింది.

"మరి నేనెక్కడికి పోను రా?" అన్నాను. మొగుడు పోయినప్పటి నుంచీ వెనకగదిలో ఉన్నదాన్ని, నాకింకో కప్పు లేదు. "మా ఇంట్లో ఉండు అత్తా, పొయ్యి పక్కన మంచం వేస్తాం" అన్నాడు. పొయ్యి పక్కన!

వాడికి ఇల్లు ఇక్కడ అక్కర్లేదు. విప్పి, దుంగలు బండ్లకెత్తి, రోడ్డు పక్కన కొడుక్కి నిలబెట్టుకుంటాడట. కోర్టు తేల్చాకే ముట్టుకుంటాను అన్నాడు గానీ వెళ్తూ వెళ్తూ జేబులోంచి సుద్దముక్క తీశాడు. తిరిగి కట్టేటప్పుడు వరస తప్పకుండా దుంగ దుంగకీ అంకె వేశాడు. నా మంచం వెనక గోడకీ వేశాడు. పడుకుంటే తల మీద ఆ తెల్ల గీతలే.

పరస్కీవ

కాన్‌స్తాంత్సా,
21 మార్చి

అక్కా, నా చేతులు విరిగిపోను, ఎందుకు రాశాను ఆ ఉత్తరం!

అయినా కంగారు పడకు. మా మేడమీద కొస్తాకేగారని ముసలి లాయరున్నాడు. రిటైరయ్యాడు, పొద్దస్తమానం పాచికలాడుతుంటాడు. మా మారిన్ ఆయన చేతిలో కావాలని ఓడిపోతుంటాడు, అందుకని ఫీజు తీసుకోడు. అంతా చెప్పాను. ఆయనన్నాడూ, "ఒకే ప్రమాదంలో ఇద్దరు పోయి, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకపోతే, చట్టం ఇద్దరూ ఒకేసారి పోయినట్టే లెక్కేస్తుంది. అప్పుడు మొగుడిది పెళ్ళానికి రాదు, పెళ్ళానిది మొగుడికి రాదు. ఎవరిది వాళ్ళ వాళ్ళకే" అని. ఇల్లు అన్నయ్యది, కాబట్టి నీకూ నాకూ. నా భాగం నువ్వే ఉంచుకో, అది వేరే సంగతి. పెలాగియా తెచ్చుకున్న ఆవూ, పెట్టే వాళ్ళవి.

అడ్డమల్లా ఆ కొవ్వొత్తి ఒక్కటే. ఆవిడే వెలిగించిందని ఎవరైనా చూశారా? కొస్తాకేగారు అదే అడిగాడు. "విషపు గాలి తలకెక్కిన మనిషి లేచి, దేవుడి పటం వెనక కొవ్వొత్తి వెతికి, అగ్గిపుల్ల గీసి, మళ్ళీ వచ్చి పక్కన సర్దుకుని పడుకుందా? నేను నమ్మను" అన్నాడు. నిజం చెప్పక్కా.

సఫ్తా

పోయెనిత్స,
2 ఏప్రిల్

సఫ్తా,

వెలిగించింది నేను.

వాడు చీకట్లో పోకూడదని వెలిగించాను. నువ్వైనా అదే చేసేదానివి, నీలో మన అమ్మ రక్తం ఉంటే. జనం వచ్చి పెలాగియా వెలిగించిందని వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. అప్పటికే పోలీసాయనతో ఏమీ ముట్టుకోలేదనేశాను. ఆ తర్వాత ఫాదర్‌గారు అంత మంది ముందు అంత బాగా చెప్తుంటే అడ్డుపడి, కాదండీ నేనండీ అని ఎలా అనను? చచ్చినదాని దగ్గర పేరు లాక్కున్నట్టుంటుంది. ఇంతకంటే అడగకు.

కంచె పీకేశారు. అది పెలాగియా డబ్బుతో వేయించిందట, కాబట్టి ఎలా చూసినా వాళ్ళదేనట. నేను కాదనలేదు. ఇప్పుడు పక్కవాళ్ళ గొర్రెలు సరాసరి గుమ్మంలోకి వచ్చి లోపలికి చూస్తున్నాయి. ఆ గది తలుపు మూసే ఉంచాను. అటువైపు వెళ్ళకుండా ఇల్లు చుట్టి తిరుగుతున్నాను, ఎందుకో నాకే తెలియదు.

పరస్కీవ

కాన్‌స్తాంత్సా,
11 ఏప్రిల్

అక్కా,

బతికించావు! ఇదే మాట కోర్టులో చెప్పు, ఇల్లు నీదే. పోలీసుతో అబద్ధమాడినందుకు జడ్జి నాలుగు చివాట్లు పెడతాడు, అంతే. కొస్తాకేగారి మాట ఇది.

కోపగించుకోకు గానీ ఒక్క మాట. నాకు మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ అన్నయ్య వెలుగుతో పోయాడని తలుచుకుని పడుకుంటున్నాను. చచ్చిపోయిన చేతిలో పెట్టిన దీపం దీపమవుతుందా అక్కా? అమ్మ వినుంటే ఏమనేది? నన్ను ఊరడించడానికి రాశావు, నాకు తెలుసు. కానీ అబద్ధపు ఊరట నేను అడగలేదు.

పోనీలే. కొస్తాకేగారు ఇంకో సంగతి అడగమన్నాడు. నువ్వు వెళ్ళేసరికి ఇద్దరూ ఎలా ఉన్నారు? ఒంట్లో వేడి, కీళ్ళు బిగుసుకోవడం, ఏదైనా తేడా ఉందా? పెలాగియా ముందు పోయినట్టు తేలితే ఆవూ, పెట్టే కూడా మనకే వస్తాయట. నాకు ఆవు అక్కర్లేదు, ఆయనకి మాత్రం ఇలాంటివి పాచికలకన్నా ఇష్టం. జరిగింది జరిగినట్టు వరసగా రాయి.

సఫ్తా

పోయెనిత్స,
19 ఏప్రిల్

సఫ్తా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీమీద మండిపడ్డాను. నన్ను అబద్ధాలకోరుని చేస్తావా? నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులివి.

జరిగింది జరిగినట్టు కావాలన్నావుగా, విను.

తలుపు తోసి లోపలికి వెళ్ళాను. పెలాగియా గోడవైపు పడుకుని ఉంది. ముట్టుకుంటే చలికాలం బావిగట్టులా ఉంది, దవడ బిగిసిపోయింది. అది రాత్రే ఎప్పుడో పోయింది. గవ్రిల్ ఇటువైపు. వాడి చెయ్యి వెచ్చగా ఉంది. ముఖం గులాబీలా ఎర్రగా ఉంది, పెళ్ళినాడు కూడా అంత కళగా లేడు. "గవ్రిల్, ఒరే గవ్రిల్" అన్నాను. గొంతులో చిన్న గురక. నాకర్థమైపోయింది, పోతున్నాడని. మన నాన్న పోయేటప్పుడు అదే గురక. వెంటనే పటం వెనక నుంచి కొవ్వొత్తి తీసి వెలిగించి వాడి చేతిలో పెట్టాను. చచ్చిన చెయ్యి అన్నావే, చచ్చిన చెయ్యి కాదే! వేళ్ళు ముడిచాడు. నా చేతిలోంచి వాడే అందుకున్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ నేర్పిన ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, మళ్ళీ చెప్పాను. కొవ్వొత్తి సగానికి వచ్చేసరికి వాడి గురక ఆగింది. అంత నెమ్మదిగా పోయాడు. తర్వాత లేచి జనాన్ని పిలిచాను.

ఇప్పుడు చెప్పు, దీపమవుతుందా అవదా? మీ కొస్తాకేగారికి చెప్పు, పెలాగియా ముందు, గవ్రిల్ వెనక అని. తనాసె సుద్దముక్క తిరిగి జేబులో పెట్టుకోవచ్చు. నాకు మనసులో భారం దిగిపోయింది ఇది రాసేసరికి. విచారణ మే నెలలో పెట్టారు.

పరస్కీవ

కాన్‌స్తాంత్సా,
27 ఏప్రిల్

అక్కా,

నీ మీద ఒట్టు పెట్టుకుని అడుగుతున్నాను, నా మాట విను.

నాకు రాసింది కోర్టులో చెప్పకు. నువ్వు వెళ్ళేసరికి ఇద్దరూ చల్లబడిపోయి ఉన్నారని చెప్పు. మనసు ఒప్పుకోక తర్వాత కొవ్వొత్తి పెట్టానని చెప్పు. అంతే. వేళ్ళు ముడిచాడని అనకు. గురక మాట అసలెత్తకు. ఫాదర్‌గారికీ చెప్పకు, ఎవరికీ చెప్పకు. ఎలాగూ ఇద్దరూ ఒకేసారి పోయినట్టే లెక్క, ఇల్లు మనకే వస్తుంది. ఆవు వాళ్ళనే తోలుకుపోనీ.

నీ ఉత్తరం కొస్తాకేగారికి చదివి వినిపించాను. సగంలో ఆయన పాచికలు గుప్పిట్లో పట్టుకుని ఉండిపోయాడు. చదవడం అయ్యాక "ఆవిడ ఒంటరిగా ఉంటుందా?" అని మాత్రం అడిగాడు.

ఎందుకని అడగకు. అన్నయ్య వెలుగుతోనే పోయాడు, నేను నమ్ముతున్నాను, ఆ రోజు అన్నమాటకి నన్ను క్షమించు. నువ్వు మంచిదానివక్కా. నీకన్నా ఎక్కువగా అన్నయ్యని ప్రేమించినవాళ్ళు లేరు. విచారణ అయ్యాక కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చెయ్. మా అత్తగారు నిన్ను రెండు తిడుతుంది, నువ్వు నాలుగు తిట్టు.

నీ సఫ్తా

పోయెనిత్స,
5 మే

సఫ్తా,

నువ్వేమిటో నాకు అంతుపట్టడం లేదు. మొన్న దీపం చచ్చిన చేతిలో పెట్టావని దెప్పావు. బతికున్న చేతిలోనే పెట్టాను అని చెప్తే, ఇప్పుడు చచ్చిన చేతిలో పెట్టానని కోర్టులో చెప్పమంటావు! నా తమ్ముడు దిక్కులేనివాడిలా చీకట్లో పోయాడని పదిమందిలో నా నోటితో నేను చెప్పాలా? తనాసె వాళ్ళమ్మ ముందా? రేపటి నుంచి పిల్లలు కూడా వాడి సమాధి పక్క నుంచి నడవరు.

తనాసె నీకు ఉత్తరం రాశాడా? ఆవు వాళ్ళకే పోనీ అంటున్నావు, వాడి మీద అంత జాలి ఎప్పటి నుంచి? ఉన్నమాట అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఒంటరిగా కూర్చుంటే ఇలాంటి ఆలోచనలే వస్తాయి. ఇక్కడ అందరూ ఏదో దాస్తున్నట్టే ఉంటుంది నాకు. నిన్న ఊళ్ళో శవాలకి నీళ్ళు పోసే దానియాలు ముసలాయన్ని ఆపి, మనిషి పోయాక ఒళ్ళు ఎన్ని గంటలు వెచ్చగా ఉంటుందో అడిగాను. ఆయన నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు.

విచారణ వచ్చే బుధవారం. నల్ల లంగా ఇస్త్రీ చేసుకున్నాను. ఒట్టు పెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్తాను. నాకు భయమెందుకు? ఒక అక్క చెయ్యాల్సిన పని చేశాను. నువ్వు ఇక్కడుంటే నువ్వూ చూసి గర్వపడేదానివి.

పరస్కీవ

పోయెనిత్స,
17 మే

సఫ్తా,

ఇల్లు మనకే వచ్చింది. ఆవు కూడా. పెలాగియా ముందు పోయిందని రాసుకున్నారు.

అంతా చెప్పాను. గట్టిగా, తడబడకుండా చెప్పాను. వేళ్ళు ముడిచాడన్న దగ్గర మన ఊరి ఆడవాళ్ళు ఏడుస్తారనుకున్నాను. ఎవరూ ఏడవలేదు. తనాసె తరఫు లాయరు అడగడానికి లేచాడు, లేచి జడ్జివైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. తనాసె తల వంచుకున్నాడు. వాడికి ఇల్లు పోయినందుకు కాదని నాకు అప్పుడు తెలియలేదు.

జడ్జి కుర్రవాడు. మన గవ్రిల్ పెళ్ళినాటి వయసుంటుంది. కాగితాలు పక్కన పెట్టాడు. ఇది రికార్డు కోసం కాదమ్మా అన్నాడు. చాలా మెల్లిగా అడిగాడు.

"గురక వినిపించింది కదమ్మా. తలుపైనా, కిటికీ అయినా తీసి ఉంచలేదా?"

లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు తోసి తెరిచానన్నాను. వెనక్కి తిరిగి నేనే మూశానన్నాను.

"ఎందుకమ్మా?"

"గాలికి దీపం ఆరిపోతుందని, బాబూ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చాక గానీ నాకు వినపడలేదు.

నీకు ముందే తెలుసు. ఏప్రిల్‌లోనే తెలుసు. అందుకే చల్లబడిపోయాడని చెప్పమన్నావు. నేను నిన్ను తనాసె ఉత్తరం రాశాడా అని అడిగాను. నా నోరు పడిపోను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తలుపు తీసి మంచులోకి ఈడ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఎవరు చెప్పగలరు అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. తనాసె వచ్చి గోడల మీద సుద్ద గీతలు తడిగుడ్డతో తుడవబోయాడు. వద్దన్నాను. విప్పుకుపో అన్నాను. దుంగలన్నీ, తలుపు కూడా తీసుకుపో అన్నాను. సోమవారం బండ్లు తెస్తానన్నాడు. నీ భాగానికి నువ్వు ఒప్పుకున్నట్టు ఒక ముక్క రాసి పంపు.

మీ ఊరికి రాను సఫ్తా. నువ్వు నన్ను ఏమీ అనవు, అదే నాకు భయం.

పరస్కీవ